జేజినాయన అద్దాలు

పోయిన నెలలో నా కుడి కంట్లో శుక్లం తీశారు. పట్టింది పదిహేను నిమిషాలు. సూది కూడా వేయలేదు, చుక్కలు వేశారంతే. నా మనవరాలి వయసున్న డాక్టరమ్మ నాతో ఏవో కబుర్లు చెబుతూనే పని ముగించి, అయిపోయిందవ్వా లేచి కూర్చో అంది. మసకబారిన కటకాన్ని తీసేసి దాని చోట కొత్తది పెట్టిందట. బయటికొచ్చి ఆటో ఎక్కి, ఇంటికొచ్చి టీ తాగాను. మర్నాడు కట్టు విప్పాక వంటింట్లో కొత్తిమీర కట్ట ఎంత పచ్చగా ఉందో కనబడింది. ఇంట్లో అందరూ సంతోషించారు. నాకు మాత్రం కోపం వచ్చింది. నెల దాటినా ఆ కోపం దిగలేదు.

ఎవరి మీదమ్మా అని కోడలు అడిగింది. ఎప్పుడో పోయినవాళ్ళ మీద అంటే నవ్వుతుందని ఊరుకున్నాను. పోయినవాళ్ళతో పోట్లాడటం కుదరదు. వాళ్ళ మాట కాగితం మీద పెట్టడం కుదురుతుంది, అందుకని ఇది రాస్తున్నాను.

మాది కంబదూరు పక్కనున్న పల్లె. వాన మీద బతికే ఊరు, వాన రాని ఊరు. మా ఇల్లు మట్టి మిద్దె. నడిమింట్లో పైకప్పుకు ఒక గవాక్షి ఉండేది, పగలంతా అందులోంచి చాపంత వెలుతురు నేల మీద పడేది. మా జేజి, అంటే మా నాయనను కన్నతల్లి, ఆ వెలుతురులోకి చేటను లాక్కుని కూర్చుని విత్తనానికి చెనిక్కాయలు ఒలిచేది. పొయ్యి మీద ఉలవలు ఉడికే వాసన, మిద్దె మట్టి వాసన, జేజి కొంగున ముడేసిన వక్కాకు వాసన, ఈ మూడూ కలిస్తేనే నాకు ఇల్లు. చిన్నప్పుడు అమ్మవారు పోసి జేజికి ఎడమ కన్ను పోయింది. మిగిలిన కుడి కంట్లో నాకు బుద్ధి తెలిసేనాటికే నల్లగుడ్డు నడుమ తెల్లగా కమ్ముకుని ఉండేది. వెలుతురుందో లేదో తెలిసేది గానీ ఎదుటి మనిషెవరో తెలిసేది కాదు. అయినా ఆమె ఒలిచిన చేటలో పుచ్చు గింజ ఒక్కటి ఉండేది కాదు. మేం పిల్లలం ఆ చేటలో గులకరాళ్ళు కలిపి ఏమంటుందో అని కాచుకుని ఉండేవాళ్ళం. ఆమె ఏమీ అనేది కాదు. ఏరిన రాళ్ళన్నీ ఒక పక్కన పోగుపెట్టి, నేను సంగటికి కూర్చున్నప్పుడు నా తట్టలో ఊరుబిండి పచ్చడి పక్కన పెట్టేది. ఉట్టి మీది బెల్లం తీసి ఎదురుగా నిలబడి నోట్లో వేసుకున్నా, నాగ్గూడ ఇంత పెట్టు అని చెయ్యి చాపేది.

నేను మూడో తరగతిలో ఉండగా మా నాయన నన్ను బడి మాన్పించాడు. జేజి రెండుసార్లు వాకిట్లో రోలు తట్టుకుని పడింది, ఆమె వెంట ఒక మనిషి ఉండాలన్నారు. మా అమ్మ చేన్లో పనికి పోవాలి. మా అన్న మగపిల్లవాడు, చదువుకోవాలి. ఆ మాట అనడానికి ఇంట్లో ఎవ్వరికీ నోరు తడబడలేదు, చేటలో చెత్త పారేసినంత తేలిగ్గా అనేశారు. ఆడపిల్లకు అచ్చరాలు వచ్చినాయి గదా సాలు, అన్నాడు నాయన. మర్నాటినుంచి జేజి కర్ర ఒక కొస ఆమె పట్టుకుంటే, రెండో కొస నేను పట్టుకుని ముందు నడిచేదాన్ని. బడి ముందునుంచే పోవాలి. లోపల పిల్లలు ఎక్కాలు చదువుతుంటే నా కాళ్ళు నెమ్మదించేవి. జేజికి అది కర్రలోనే తెలిసేది. నాకు చూపొస్తే నిన్ను మళ్ల బడికి తోలమంటా పాపా, అనేది.

చూపొచ్చే దోవ ఒకటుందని అప్పుడే మా ఊళ్ళో తెలిసింది. తాలూకా ఊరి సత్రంలో కండ్ల క్యాంపు పెడుతున్నారని చాటింపు వేశారు. జేజి మొగుడు, మా జేజినాయనకూ రెండు కండ్లలో శుక్లాలున్నాయి. ఆయన్ను బండి కట్టుకుని తీసుకుపోదామన్నారు. మరి జేజినో అని మా అమ్మ అడిగితే, ఆమెది ఇంకా పండలేదులే అన్నాడు నాయన. ఆ కాలంలో డాక్టర్లు కూడా శుక్లం ముదిరేదాకా ఆగమనేవాళ్ళు, పండాల అనే మాట అట్లా ఊళ్ళోకొచ్చింది. కానీ జేజి కన్ను ఏ డాక్టరూ చూడలేదు. మా నాయనే చూశాడు, మా నాయనే తేల్చాడు. అసలు సంగతి ఇంట్లో పాడి ఎనుము ఈనేటట్లుంది, దానికి ఒక మనిషి కావాలి. కండ్లు కనపడని మనిషిని ఎనుముకు కాపలా పెట్టి, ఆమెను నడిపించే నన్నేమో జేజినాయనకు విసనకర్ర విసరడానికి బండెక్కించారు. ఇది తప్పని ఒక్కరికీ తోచలేదు. ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్ళు మండుతుంది.

సత్రం నిండా మందుల వాసన. రెండు వరుసల్లో ముసలివాళ్ళు, అందరికీ రెండు కండ్లకూ కట్లు, తలకు అటొకటి ఇటొకటి ఇసుక సంచులు. తల కదిలించకూడదు, దగ్గకూడదు, తుమ్మకూడదు, నమలకూడదు. వారం రోజులూ గంజీ రాగి అంబలే. మా జేజినాయనకు నస్యం లేకుండా పూట గడవదు. తుమ్మితే కుట్లు ఊడతాయని డాక్టరు చెప్పిపోయాడు. ఆ నస్యం డబ్బీ నా లంగా ముడిలో దాచమన్నారు. ఆయన వెల్లకిలా పడుకుని, మా బంగారు గదా, ఒక్క చిటికెడు, వాసన చూసి ఇచ్చేస్తా అని బతిమాలేవాడు. వినకపోతే తిట్టేవాడు. నేను డాక్టరు వస్తున్నాడని అబద్ధం చెప్పేదాన్ని, వెంటనే కట్టెలా బిగుసుకునేవాడు. పక్క చాప మీద పరుపులు కుట్టే మా ఊరి సాయిబు తాత, నవ్వకూడదు కాబట్టి పళ్ళు బిగించుకుని పడుకునేవాడు.

నెలన్నర తర్వాత జేజినాయనకూ సాయిబు తాతకూ అద్దాలొచ్చాయి. సీసా అడుగంత మందం. వాటి వెనక జేజినాయన కండ్లు ఎనుము కండ్లంత కనబడేవి. మా ఊళ్ళో అప్పటిదాకా అట్లాంటివి చూసినవాళ్ళు లేరు. రోజూ ఎవరో ఒకరు వచ్చి అరుగు మీద కూర్చుని, తీయి మామా చూద్దాం అనేవాళ్ళు. ఆయన అద్దాలు తీస్తే ఎదురుగా ఉన్న చెంబు తడుముకునేవాడు. పెట్టుకుంటే సూదిలో దారం ఎక్కించి చూపేవాడు. తీస్తే లేదు, పెడితే ఉంది. ఇంకేం కావాలి? చూపు ఆ అద్దాల్లోనే ఉందని ఊరంతా తీర్మానించేసింది. మేం పిల్లలం ఆ మాటకు ఇంకో సాక్ష్యం తెచ్చాం. ఆయన నిద్రపోతుంటే అద్దాలు కాజేసి, దొడ్లోకి తీసుకుపోయి ఎండకు పట్టి ఎండు చెనిక్కాయ ఆకు కాల్చాం. పొగ వాసనకు జేజినాయన లేచి నా వీపు చీరేసినంత పని చేశాడు గానీ, సాయంత్రం రచ్చకట్ట మీద మాత్రం, సూర్యున్ని గూడ పట్టేటివి గదప్పా మా అద్దాలు, అని గొప్పగా చెప్పుకున్నాడు.

లోపల ఏం తీశారన్నది ఎవరికీ పట్టలేదు. కన్ను లోపల గాజులాంటి కటకం ఒకటుంటుందని, అది మసకబారితే శుక్లమంటారని, ఆ రోజుల్లో దాన్ని పూర్తిగా తీసేసి, అది చేసే పనిని బయటి అద్దాలతో చేయించేవాళ్ళని నేను పెద్దయ్యాక పుస్తకంలో చదివాను. మా ఊళ్ళో ఆ ముక్క ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాళ్ళు కాదేమో.

వచ్చే క్యాంపుకు నిన్నూ తోలుకపోతానని జేజినాయన జేజికి మాటిచ్చాడు. ఆ మాట ఆమె దాచుకుంది. చేనికి పోయే దోవలో నాతో ఎన్నిసార్లు చెప్పిందో. ఆపరేషన్ చేసేటప్పుడు నొప్పి ఉంటుందా, గంజి వాళ్ళే ఇస్తారా, మనం తీసుకుపోవాలా అని అడిగిందే అడిగేది. కానీ మరుసటి సంవత్సరం క్యాంపు రాలేదు. వానలూ రాలేదు. ఆ కరువులోనే జేజినాయన జ్వరమొచ్చి పోయాడు. పాతిపెట్టే ముందు మా నాయన ఆయన ముఖం మీద చెయ్యి పెట్టి అద్దాలు తీసుకుని పంచె అంచున కట్టుకున్నాడు. ఇవి మా అమ్మకు, అన్నాడు.

దివసం నాడు కర్మకు వచ్చిన బంధువులంతా ఉండగా ఆ పని జరిగింది. కొర్రన్నం, పితికిపప్పు తిని మగవాళ్ళు నడిమింట్లో కూర్చున్నారు. బడి అయ్యవారు కూడా భోజనానికి వచ్చాడు. మంచివాడాయన. పాపను మళ్ళీ బడికి పంపు, రెండేండ్లు పోయినా నాలుగో తరగతి పరీక్ష రాయిస్తాను, నెగ్గితే దాని ఈడువాళ్ళతో ఐదులో కూర్చోబెడతాను అన్నాడు. మా అమ్మకు చూపొస్తే పంపిస్తా అయ్యోరా, అని నాయన లేచి, పంచె అంచు విప్పి, అద్దాలు తుడిచి, గవాక్షి కింద కూర్చున్న జేజి ముఖానికి పెట్టాడు. చెవుల వెనక దారం కట్టాడు.

సాయిబు తాత గుమ్మం దగ్గరున్నాడు. "ఆపరేషన్ కాకుండా ఉత్త అద్దాలు ఏం పని చేస్తాయప్పా? నాకు లోపల ఏందో తీసినాకే ఇచ్చినారు," అన్నాడు.

"మా నాయనకు పని చేసినేటివి మా అమ్మకు చేయవా?" అని నాయన ఆయన నోరు మూయించాడు. జేజి ముందు గొంతుక్కూర్చున్నాడు. "నువ్వే చెప్పమ్మా. కనపడతాండాదా?"

జేజి తల అటూ ఇటూ తిప్పింది. నేను గోడకు ఆనుకుని ఉన్నాను. ఊపిరి బిగబట్టినా వెక్కుతూ ఏడుస్తున్నాను, బడి మాట విన్నప్పటినుంచీ ఏడుపు ఆగలేదు. ఆమె తల నా వైపు తిరిగి ఆగిపోయింది.

"కనపడతాండాది నాయనా," అంది. "పాప ఆడ గోడ కాడ నిలబడుండాది. పాపను బడికి తోలు."

అందరూ ఔరా అన్నారు. నాయన అందరి ముందూ ఏడ్చేశాడు. ఊళ్ళో మగవాళ్ళు తాము చేయించినట్టే మురిసిపోయారు. కంటి ముందు వేళ్ళు పెట్టి ఎన్నో చెప్పమనే బుద్ధి అంతమందిలో ఒక్కడికి పుట్టలేదు. ఆడమనిషి కనపడుతోందంటే చాలు, పని ఐపోయింది. ఇంకో ఖర్చు లేదు, బండి కట్టే పని లేదు, ఎనుముకు కాపలా వెతికే పని లేదు.

మర్నాడు నేను తలకు నూనె రాసుకుని పలక పట్టుకుని వాకిట్లోకి వచ్చాను. జేజి అద్దాలు పెట్టుకుని, చెంబు చేతబట్టి తొట్టి దగ్గరికి పోతోంది. గోడ మీద ఎడమ చెయ్యి ఉంది. పెదవులు కదులుతున్నాయి, అడుగులు లెక్కపెట్టుకుంటోంది. రోలు దగ్గర ఒక అడుగు తప్పి మోకాలు కొట్టుకుంది. నేను దగ్గరికి పోయి, నీకు కనపడలేదు గదా జేజీ అన్నాను.

"బడికి టయిమైతాంది. పో," అంది. "మీ నాయనతో చెప్పద్దు."

నేను పోయాను. పరుగెత్తుకుంటూ పోయాను.

ఆ తర్వాత నాలుగు నెలలు ఆమె ఆ అద్దాలతో బతికింది. సంగటి కుండ మూకుడు తీయబోయి చెయ్యి కాల్చుకుంది. మెట్టు తప్పి పడి మోచెయ్యి చెక్కుకుపోయింది. ఎందుకు పడ్డావంటే, అద్దాలు మసి పట్టినాయి అనేది. నాయన పొద్దున్నే వాటిని పంచెతో తుడిచి పెట్టి చేనికి పోయేవాడు. వినయంగా, శ్రద్ధగా తుడిచేవాడు. ఆ శ్రద్ధలో సగం పెట్టి ఆమెను ఒక ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది.

పరీక్షలకు వారం ఉందనగా సాయిబు తాత వచ్చాడు. సత్రంలో మళ్ళీ క్యాంపు పడింది, మీ అమ్మను చూపించు, ఊరికే చూపించు చాలు అని నాయనకు చెప్పాడు. నాయన జేజిని అడిగాడు. నేను అదే గదిలో లెక్కలు చేసుకుంటున్నాను. క్యాంపంటే ఆపరేషను, వారం పడక, తర్వాత నెలన్నర కట్టు. ఆమె వెంట ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి ఎవరో ఇంట్లో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. నా పలక మీద బలపం చప్పుడు జేజి వింటోంది. నేను చప్పుడు ఆపలేదు. నాకు కనపడతాంటే క్యాంపు యాలప్పా, అని ఆమె నాయనను పంపించేసింది. ఆయన పోయాక, నువ్వు పరీక్ష రాయి ముందు, మళ్ల ఏడు గూడ వస్తాది క్యాంపు, అప్పుడు పోదాం అని నాతో గుసగుసగా అంది.

నేను పరీక్ష రాశాను. నెగ్గాను.

ఎండాకాలంలో ఆమె కన్ను ఎర్రబడింది. నొప్పితో తల గోడకేసి కొట్టుకునేది. తిన్నది తిన్నట్టు కక్కేది. ఉల్లిగడ్డ రసం పిండారు, బాలింత పాలు పోశారు, నందివర్ధనం పూలు కట్టారు. పది రోజులు ఇంటి వైద్యం నడిచాక, ఆమె కేకలు బడి దాకా వినబడుతుంటే అప్పుడు అనంతపురం బస్సెక్కించారు. నన్నూ తీసుకుపోయారు, కర్ర కొస పట్టుకోవడానికి.

పెద్దాసుపత్రిలో డాక్టరు ఆమె కంటి ముందు టార్చి వేసి, వెలుగు ఏ పక్కనుంచి వస్తోందో చెప్పమన్నాడు. ఆమె పై పక్క అంది. అతను కింది పక్క పట్టుకున్నాడు. ఆర్పేసి అడిగినా అదే జవాబు చెప్పింది. అతను టార్చి జేబులో పెట్టుకుని, శుక్లం మితిమీరి ముదిరి లోపల ఒత్తిడి పెరిగిందని, వెనకుండే నరం చచ్చిపోయిందని, నొప్పి తగ్గించగలను గానీ చూపు తేలేనని నాయనతో చెప్పాడు. మూడు నాలుగు నెలల ముందు తెచ్చి ఉంటే తీసేసేవాళ్ళం, బాగా చూసేది, ఇన్ని రోజులు ఏం చేస్తున్నారు అని అడిగాడు. నాయన పంచె అంచు విప్పి అద్దాలు చూపించాడు. డాక్టరు వాటిని ఎత్తి వెలుతురుకు పట్టి చూశాడు.

"ఇవి శుక్లం తీయించుకున్నోళ్ళకు ఇచ్చేటివప్పా," అన్నాడు. "లోపలిది తీసేస్తాం గనక దానికి బదులు ఇవి. తీయకుండా పెడితే ఏం లాభం? ఉన్న మసక ఇంకా పెరుగుతుంది."

నాయన ఆసుపత్రి వరండాలో చతికిలబడ్డాడు. నేనే పోగొట్టితి మా అమ్మ కన్ను, నేనే పోగొట్టితి అని నుదురు కొట్టుకున్నాడు. కనపడతాందంటివి గదమ్మా అని ఒక్కసారి జేజి వైపు తిరిగాడు. ఆమె బల్ల మీద కూర్చుని ఉంది. నా చెయ్యి ఆమె చేతిలో ఉంది.

"మొదట్లో కనపడిందిరా," అంది. "తర్వాతే తగ్గింది."

ఆ అబద్ధం చెబుతూ నా వేళ్ళు గట్టిగా నొక్కింది. నేను నోరు తెరవలేదు.

జేజి ఇంకో ఆరేండ్లు బతికింది. నన్ను బడి మాన్పించనివ్వలేదు, నాకు దోవలన్నీ తెలుసు అని పోరాడింది. నేను చదివాను, టీచరునయ్యాను, ముప్పై ఏండ్లు పిల్లలకు కన్ను బొమ్మ నల్లబల్ల మీద గీసి కటకం ఎక్కడుంటుందో చూపించాను. ఇన్నేండ్లూ ఎవరైనా అడిగితే మా నాయన మూర్ఖత్వం వల్ల మా జేజి గుడ్డిదైంది అనే చెప్పుకున్నాను. అందులో అబద్ధం లేదు. ఆయన మూర్ఖుడే. ఊరూ మూర్ఖపుదే. ఆడమనిషి కన్నుకు వాళ్ళు కట్టిన విలువ ఆ పాత అద్దాలంతే, ఆ కోపం నాకు చచ్చేదాకా పోదు.

కానీ నాయనకు కూడా ముసలితనంలో రెండు కండ్లలో శుక్లాలొచ్చాయి. అప్పటికి ఆపరేషన్ తేలికైపోయింది, నా ఇంటికి రెండు వీధుల అవతలే చేసేవాళ్ళు. రమ్మని ఎంత బతిమాలినా రాలేదు. "మా అమ్మ కన్ను నేను పోగొట్టినా. నాకు చూపు వద్దు," అనేవాడు. వేరే మాట లేదు. మూడేండ్లు నా ఇంట్లో, నేను చెయ్యి పట్టుకుని నడిపిస్తే నడిచాడు, అన్నం కలిపి ముద్ద చేతికిస్తే తిన్నాడు. ఆ మూడేండ్లలో రోజుకు నాలుగుసార్లు ఆయన పక్కన కూర్చున్నాను. జేజికి కనపడటం లేదని నాకు మొదటి రోజే తెలుసని ఆయనకు చెప్పలేదు.